బొంతలేరు లోతు ఏడడుగులు

డిసెంబరు 3, బహుళ చవితి

ఉదయం ఆరుకు అడుగున్నర. మధ్యాహ్నం పన్నెండుకు ఐదున్నర. గాలి ఈశాన్యం. లోతు కొలిచే గెడ బాగానే ఉంది, నేనూ బాగానే ఉన్నాను.

రూలు ప్రకారం ఇక్కడితో ఆపేయాలి. పోటు పుస్తకంలో లోతు, వేళ, గాలి తప్ప మరో అక్షరం ఉండకూడదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ రూలును నేను మార్జిన్లో తుంగలో తొక్కుతూనే ఉన్నాను. ఇవాళ గాలికి నడిచే తెరచాప బండిలో రాజధాని నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట తిథి కూడా రాయకూడదట. గణన భవనంలోని యంత్రానికి తిథులతో పనిలేదట, నా రాతలు చూసి అక్కడి గుమాస్తాలు తికమకపడుతున్నారట.

యంత్రానికి పని లేకపోవచ్చు. సముద్రానికి ఉంది. అమావాస్యకీ పున్నానికీ పోటెక్కువ, అష్టమికి తక్కువ. నీళ్లు ఎక్కే వేళ కూడా రోజుకు ముప్పావుగంట చొప్పున జరుగుతూ పోతుంది. ఇది మా వాళ్లకు నడక రాకముందే తెలుస్తుంది. పెద్ద చదువులు చదివినవాళ్లకు మాత్రం ఉత్తర్వు వేసి మరిచిపోవాల్సి వచ్చింది.

నా పేరు కొక్కిలిగడ్డ నాంచారమ్మ. ఈ పోటు స్టేషను మనిషిని నేనే. కోస్తా గణరాజ్యానికి ఇదే చివర. అవతలి గట్టు ఎగువ సంస్థానానిది. బొంతలేరు పేరుకే ఏరు, నీళ్లన్నీ సముద్రానివే. రోజుకు రెండుసార్లు నిండుతుంది, రెండుసార్లు తీస్తుంది. ఉత్తర్వు చదివాక పైన తిథి రాశాను. చూసుకోండి.

డిసెంబరు 5, బహుళ షష్ఠి

ఉదయం ఐదుకు మూడడుగులు, తీస్తోంది.

సీలు వేసిన కవరు వచ్చింది. లోపల ఒకే ఒక కాగితం. "డిసెంబరు 14, విజయ దినం. ఉదయం ఎనిమిదికి బొంతలేరు దాటుట. లోతు: మోకాలు. స్టేషను సంతకం." నేను సంతకం చేసి పంపాలి. స్టేషను సంతకం లేకుండా సైన్యం నీళ్లలో దిగకూడదన్నది పాత నియమం. అదొక్కటే మా ఉద్యోగానికి మిగిలిన గౌరవం.

పద్నాలుగున అమావాస్య. ఎనిమిదికి నిండు పోటు. కాగితాన్ని నాలుగుసార్లు తిప్పి చూశాను. ఒళ్లు మండిపోయింది.

ఈ మోకాలు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ముప్పై ఆరేళ్ల కిందట ఇక్కడి ఉప్పు మడుల కోసం తొమ్మిది రోజులు యుద్ధం జరిగింది. జనరల్ వెలిదండ గజపతిరావు మూడువందల మందితో ఈ గట్టుకు వచ్చి, ఎప్పుడు దాటొచ్చో మా నాన్న లంకయ్యను అడిగాడు. "రెండ్రోజులాగండి బాబూ, అష్టమి రానీయండి. పొద్దున ఎనిమిదింటికి నీళ్లు మోకాలికొస్తాయి," అన్నాడు నాన్న. జనరల్ ఆగాడు. అప్పటికింకా మాట వినే మనిషే.

అష్టమి నాడు నాన్న గెడ పట్టుకుని ముందు దిగాడు. లోతు చెప్పినవాళ్లే ముందు దిగాలి, అది మా వాళ్ల కట్టుబాటు. వెనక తాడు పట్టుకుని నేను. నాకు పదహారేళ్లు. ఆ తేదీ డిసెంబరు 14. అవతలివాళ్లు చద్దన్నం తింటున్నారు, తుపాకులు గోడకు ఆనించి ఉన్నాయి. ఒక్క గుండు పేలకుండా చేతులెత్తేశారు. అంతటితో యుద్ధం అయిపోయింది.

ఆ సాయంత్రం జనరల్ మా నాన్న భుజం మీద చెయ్యివేసి, "లంకయ్యా, తిథి సంగతి నీలోనే ఉంచుకో. సముద్రమే మనకు దారిచ్చిందని చెబుదాం. జనానికి ధైర్యంగా ఉంటుంది," అన్నాడు. నాన్న తలూపాడు. ఆ తల ఊపడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ ఊపుతో పాటలు పుట్టాయి, పాఠాలు పుట్టాయి, తపాలా బిళ్లలు పుట్టాయి. సముద్రం మన పక్షం కాదన్నవాడికి మూడేళ్ల జైలని చట్టం కూడా పుట్టింది. తొమ్మిది రోజుల్లో గెలిచినవాళ్లం ఎవరినైనా గెలుస్తామని ముగ్గురు పొరుగువాళ్లతో ఒకేసారి తగువు పెట్టుకున్నారు. అప్పుడు మోకాలి లోతు దొరకకపోయుంటే ఇప్పుడీ పెద్ద యుద్ధానికి ఎవరికీ గుండె చాలేది కాదు.

కాగితం మీద సంతకం చేయలేదు.

డిసెంబరు 7, బహుళ అష్టమి

ఉదయం ఎనిమిదికి మోకాలు. నిజంగానే.

గెడతో కొలిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని అవతలి గట్టు వైపు సగం ఏరు దాకా నడిచి మరీ వచ్చాను. అవతలి కాపలావాడు నన్ను చూసి చెయ్యూపాడు. నేనూ ఊపాను. తర్వాత అద్దాల టవరు దగ్గరికి వెళ్లాను. ఎండను అద్దం మీద పట్టి, మెరుపులతో టవరు నుంచి టవరుకు వార్త పంపే మనిషి దుంగ పైడయ్య. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా యాస వదల్లేదు.

"ఇలా పంపు పైడయ్యా: 'బొంతలేరు స్టేషను. ఇవాళ అష్టమి. మీరడిగిన మోకాలి లోతు ఇవాళే ఉంది. గెలుపు తేదీలో లేదు, తిథిలో ఉంది. దాటక తప్పదనుకుంటే వచ్చే అష్టమి దాకా ఆగండి,' అని."

పైడయ్య అద్దం తుడుస్తూ నావైపు చూశాడు. "ఏటమ్మా, మూడేళ్లు లోపలెట్టీమని అడుగుతన్నావా ఏటి?"

"పంపవయ్యా!"

పంపాడు. గంటకు జవాబొచ్చింది. "హెచ్చరిక ఒకటి. సంతకం చేసిన కాగితం పంపు." నాకు యుద్ధమంటేనే ఇష్టం లేదు. ఆ చెయ్యూపినవాడితో నాకేం తగాదా? కానీ యుద్ధం ఆపడం నా చేతుల్లో లేదు. లోతు చెప్పడం ఉంది. అది మాత్రం ఎవడికీ ఇవ్వను.

డిసెంబరు 10, బహుళ ఏకాదశి

గణన యంత్రం వేసిన పోటు పట్టీ వచ్చింది. నేను యంత్రానికి శత్రువును కాను. మూడంతస్తుల ఇత్తడి చక్రాలు, కాలవ నీటితో తిరుగుతాయి. ఏ స్టేషనుకైనా ఏ రోజుకైనా అంగుళం తేడా లేకుండా లోతు చెబుతుంది. ఈ పట్టీ కూడా అంతే. ఉదయం ఎనిమిదికి పన్నెండున ఆరడుగుల ఎనిమిదంగుళాలు, పదమూడున ఏడడుగులు, పదిహేనున ఏడడుగుల మూడంగుళాలు. మధ్యలో పద్నాలుగున మోకాలు!

పైడయ్యకు చూపించాను. వాడు పడీపడీ నవ్వాడు. "సముద్రం ఆరోజు సెలవెట్టీసిందేటమ్మా?"

యంత్రం తప్పు కాదు. విజయ దినం నాటి లోతును మార్చడానికి వీల్లేదని అందులో ఒక చక్రాన్ని కదలకుండా బిగించారు. చరిత్ర కార్యాలయంవాళ్లు మా నాన్న రాసిన పేజీని తీసుకెళ్లి, "అష్టమి" అన్న మాట తీసేసి, మిగతాది చక్రం మీద చెక్కారు. తేదీ ఉంది, వేళ ఉంది, మోకాలుంది. చంద్రుడు లేడు. లెక్క తెలిసిన ఇంజనీర్లు అక్కడ నలభై మంది ఉంటారు. ఈ పట్టీ చూసి ఒక్కడికీ అనుమానం రాలేదంటే నేను నమ్మను. అందరూ చూశారు, అందరూ తలూపారు.

పట్టీలో ఆ గడి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి వెనక్కి పంపాను. హెచ్చరిక రెండు.

డిసెంబరు 13, బహుళ చతుర్దశి

ఉదయం ఎనిమిదికి ఏడడుగులు. మధ్యాహ్నం మూడుకు అడుగు లోపే.

రెజిమెంటు సరిగ్గా ఆ మూడింటికే దిగింది. నాలుగువందల పన్నెండు మంది. అంతా మెట్ట ప్రాంతపు పిల్లలు, సగం మంది సముద్రాన్ని చూడటం ఇదే మొదలు. ఏట్లోకి దిగి చీలమండల లోతులో ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకున్నారు. ఓబులేసు అనే హవల్దారు, గుబురు మీసాల మనిషి, మీసం దువ్వుకుంటూ గట్టెక్కి నా దగ్గరికొచ్చాడు.

"ఏందమ్మా, ఏరు ఏరని ఊరంతా బెదిరిస్తివంటనే. యాడుండాయి నీళ్లు? మా ఊరి వంకలోనన్నా ఇంతకంటే జాస్తి ఉంటాయి."

"వస్తాయిలే నాయనా. నువ్వు పిలవక్కర్లేదు," అన్నాను.

కర్నల్ దంటు సోమయాజులు సాయంత్రం స్టేషనుకు వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. మంచి మనిషి. మంచివాళ్లతోనే నాకు భయం.

"నాంచారమ్మగారూ, మీ నాన్నగారి గురించి మేం పాఠంలో చదువుకున్నాం. 'సముద్రం దారివ్వగా ముందు నడిచిన విధేయుడు' అని."

"తిథి చూసి నడిచాడండీ. విధేయత సంగతి నాకు తెలీదు."

కర్నల్ కాగితం బల్ల మీద పెట్టాడు. "నా కళ్లతో చూశాను. నీళ్లు చీలమండలు దాటలేదు. యంత్రం మోకాలంటోంది. చరిత్ర మోకాలంటోంది. మీరొక్కరే కాదంటున్నారు."

"ఇప్పుడంటే ఎడ్లబండి కూడా పోద్దండీ. రేపు పొద్దున ఎనిమిదింటికి ఏనుగు మునుగుద్ది. మీ పిల్లల వీపున మణుగు బరువుంది, కింద బురద. ఒక్కడు తేలడు. పోనీ రేపు కూడా మూడింటికే దాటండి, ఎవరొద్దన్నారు?"

"దాడి వేళ ఎనిమిది. అన్ని సరిహద్దుల్లోనూ ఒకే వేళ. విజయ వేళ. దాన్ని మార్చే అధికారం నాకు లేదు." ఆయన గొంతు తగ్గింది. "ఇంతమంది నమ్మింది అబద్ధమైతే, ఇక నేను ఈ పిల్లలకేం చెప్పాలి?"

"ఏడడుగులని చెప్పండి."

కర్నల్ నియమాల పుస్తకం తీశాడు. స్టేషను నిరాకరిస్తే అధికారి సంతకం చేయవచ్చన్న ఉపనియమం చదివి వినిపించి, జేబులోంచి పెన్ను తీసి తనే సంతకం చేశాడు. రాత్రి బసకు రెజిమెంటును ఉప్పు గుట్టల వెనక, మైలు దూరంలో దింపారు. చీకటి పడ్డాక ఏరు ఎలా నిండుతుందో అక్కడినుంచి ఎవరికీ కనబడదు.

డిసెంబరు 14, అమావాస్య

ఉదయం ఎనిమిదికి ఏడడుగుల రెండంగుళాలు. మంచు దట్టం. గాలి లేదు.

ఏడున్నరకు గట్టు మీద వరసలు కట్టారు. మంచులో అవతలి గట్టు కాదు కదా, పదడుగుల అవతల నీళ్లు కూడా కనబడటం లేదు. అంచున మాత్రం నీళ్లు గట్టు రాళ్లను తాకుతున్నాయి. నిన్న ఆ రాళ్ల ముందు ఇరవై అడుగుల మేర బురద ఉంది. ఓబులేసు ఆ రాళ్లనే చూస్తున్నాడు. మీసం మీదికి చెయ్యి పోవడం లేదు.

గెడ తీసుకుని వెళ్లి కర్నల్ ఎదురుగా నిలబడ్డాను. అందరికీ వినబడేలా అన్నాను:

"అయ్యా, ఈ ఏటికో కట్టుబాటుంది. లోతు చెప్పినవాళ్లే ముందు దిగాలి. నేను ఏడడుగులన్నాను కాబట్టి నేను దిగను. మోకాలని సంతకం పెట్టింది మీరు. ఇదుగో గెడ."

పక్కనున్న కెప్టెన్ నన్ను పట్టుకోబోయాడు. అప్పుడు ఓబులేసు తుపాకీ దించి నేల మీద కూర్చున్నాడు. "ఆయమ్మ చెప్పేది న్యాయమే గదా సార్. మీరు దిగండి, మీ ఎనకాలే వస్తాం." అతని వరస కూర్చుంది. వెనక వరస కూర్చుంది. కాసేపటికి గట్టంతా కూర్చుంది. కెప్టెన్ కూడా ఏం చేయాలో తెలియక నిలబడిపోయాడు.

ఆ మాటకొస్తే కర్నల్ పిరికివాడు కాడు. టోపీ సర్దుకుని గెడ అందుకున్నాడు. నడుముకు తాడు కట్టబోతే వద్దన్నాడు. "మీరు వద్దంటే నేను ఊరుకుంటానా?" అని కట్టేశాను. దిగాడు. మూడో అడుగుకు మోకాలు. ఆయన వెనక్కి తిరిగి నావైపు చూశాడు, ఆ చూపులో ఎంత ఆశ ఉందో! ఐదో అడుగుకు నడుము. ఎనిమిదో అడుగుకు ఛాతీ. ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. తొమ్మిదో అడుగుకు గెడ చేతిలోంచి జారింది, ఆ తర్వాత నీళ్ల మీద టోపీ ఒక్కటే ఉంది.

తాడు నేనూ ఓబులేసూ లాగాం. ఇంకో పదిమంది వచ్చి పట్టారు. గట్టు మీద బోర్లా పడుకోబెడితే ఉప్పునీళ్లు కక్కాడు. బతికాడు. నాలుగువందల పన్నెండు మంది చూశారు.

ఎనిమిదీ పావుకు ఉత్తరాన, పడమరన ఫిరంగులు మొదలయ్యాయి. మిగతా సరిహద్దుల్లో యుద్ధం మొదలైపోయింది. నేను ఆపింది ఈ ఒక్క ఏటినే.

అదే రోజు, సాయంత్రం నాలుగు

మంచు వీడి ఎండ వచ్చాక, ఎవరూ దాటలేదన్న వార్త రాజధానికి వెళ్లింది, జవాబుగా టవరు మెరిసింది. పైడయ్య కాగితం పట్టుకుని మెట్లు దిగేటప్పుడే మొహం బాగోలేదు.

"సదవమంటావా?"

"చదువు."

"'బొంతలేరు పుస్తకం సవరించుము. ఎనిమిది గంటలకు లోతు మోకాలు అని రాయుము. ఆజ్ఞ నిరాకరించిన రెజిమెంటుపై విచారణ జరుగును. సవరించిన పుస్తకం సాక్ష్యముగా పంపుము.'" కాగితం మడిచాడు. "యుద్ధంలో నిరాకరణంటే కాల్చీడమేనమ్మా. మోకాలి లోతులో దిగనోళ్లని కాల్చీడానికి ఎవుడికీ సెయ్యి వణకదు."

అప్పటిదాకా ఇది నా ఉద్యోగం గొడవే అనుకున్నాను. పుస్తకంలో ఏడడుగులుంటే ఆ పిల్లలు బతకడానికి వీలుంది. మోకాలుంటే వాళ్లు పిరికిపందలు, చచ్చినట్టే లెక్క. నేను రాయకపోతే నన్ను లాక్కెళ్లి మరొకడి చేత రాయిస్తారు. ఒక పేజీ, ఒక సంతకం. మా నాన్న పేజీలో ఒక మాట తీయడానికి వాళ్లకెంతసేపు పట్టింది?

కర్నల్ నా మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. టీ ఇచ్చాను. "మీరు సాక్ష్యం సంతకం చేయండి. మునిగింది మీరే కదా. మీ మాట కాదనలేరు," అన్నాను.

గ్లాసు కింద పెట్టాడు. "నాకిద్దరు కూతుళ్లు, నాంచారమ్మగారూ. రాజధానిలోనే ఉన్నారు."

"ఓబులేసుకు పిల్లల్లేరా? ఆ బయటున్నవాళ్లను కన్నవాళ్లు లేరా?" అని అరిచాను. నీళ్లలో చావడానికి సిద్ధపడ్డ మనిషి ఒక్క సంతకానికి జడిశాడు. జాలి వేసింది, జాలి వేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

డిసెంబరు 15, శుద్ధ పాడ్యమి

ఉదయం ఎనిమిదికి ఏడడుగుల మూడంగుళాలు. యంత్రం సరిగ్గా చెప్పింది.

పొద్దున్నే ఓబులేసు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. టవరు వార్త అప్పటికే శిబిరమంతా పాకిపోయింది.

"నిన్నటి రోజుకు ఏం రాసినావమ్మా?"

చదివి వినిపించాను. "ఉదయం ఎనిమిదికి ఏడడుగుల రెండంగుళాలు. మంచు దట్టం."

"మేం భయపడినామని రాయలేదా?"

"ఇది నీళ్ల పుస్తకం నాయనా. నీళ్ల సంగతే రాస్తాను."

మీసం తడుముకుంటూ ఆలోచించాడు. "ఆ నీళ్లు నేనూ చూసినాను గదా. నా పేరు కూడా రాయి. ఒగదానివైతే చెరిపేస్తారు."

మార్జిన్లో రాశాను: బోయ ఓబులేసు, చూశాను. అతను వేలిముద్ర వేశాడు. సిరా వేలిని ప్యాంటుకు తుడుచుకుంటూ బయటికెళ్లి శిబిరం వైపు తిరిగి ఒక్క కేక పెట్టాడు. పావుగంటలో స్టేషను ముందు వరస. కొందరు సంతకాలు, కొందరు వేలిముద్రలు. ఒకడు తన ఊరి పేరు కూడా రాయమన్నాడు, వాళ్లమ్మకు తెలియాలట. రాశాను. నిన్న నన్ను పట్టుకోబోయిన కెప్టెన్ నా కళ్లలోకి చూడకుండా సంతకం చేసి, పెన్ను నెమ్మదిగా బల్ల మీద పెట్టి వెళ్లాడు. కర్నల్ రాలేదు. ఆయన పేరు కోసం జాగా వదల్లేదు.

"పుస్తకం పట్టుకెళ్లి పొయ్యిలో ఎట్టీస్తేనో?" అన్నాడు పైడయ్య. నేను జవాబు చెప్పేలోపే తనే పైకెక్కాడు. అప్పటినుంచి ఒక్కో పేరూ అద్దంతో పంపుతున్నాడు. బొంతలేరు, ఏడడుగులు, ఫలానావాడు చూశాడు. కింది టవరువాడు ఏమీ అడక్కుండా అందుకుని ఆ కిందికి పంపుతున్నాడు. కోస్తా పొడుగునా అరవై ఒక్క టవర్లు. అన్నింటి మీదా ఎండ కాస్తోంది. ఇది నేరమేనని ప్రతి టవరువాడికీ తెలుసు. మధ్యలో ఒక్కడు అద్దం తిప్పేస్తే అక్కడితో ఆగిపోయేది. ఇప్పటిదాకా ఎవడూ తిప్పలేదు.

పదకొండింటికి తెరచాప బండి వచ్చింది. ఇద్దరు పోలీసులు. పెద్దాయన వారంటు చదివాడు. చరిత్రను ధిక్కరించినందుకు, తిథి రాసినందుకు, సైన్యాన్ని నిరాకరణకు ప్రేరేపించినందుకు. మూడూ నిజమే, కాదనలేదు.

"పుస్తకం ఇచ్చి బండెక్కమ్మా."

"ఎక్కుతాను. ఇంకా తొంభై మంది ఉన్నారు వరసలో. ఆ బల్ల మీద కూర్చోండి."

పెద్దాయన వరసను చూశాడు. వాళ్ల చేతుల్లో తుపాకుల్లేవు, పేర్లు చెప్పడానికి నిలబడ్డారంతే. ఆయన బల్ల మీద కూర్చున్నాడు. చిన్నాయన కూడా కూర్చున్నాడు.

తర్వాతివాణ్ణి పేరు అడిగాను.